మాటిమాటికీ జ్వరమా? మధ్య రోజులు చూడండి!

జూన్‌లో బడి తెరిచారు. పలక, బలపం సంచిలో పెట్టి, తల దువ్వి అంగన్‌వాడీకో, నర్సరీకో పంపించారు. వారం తిరక్కముందే ముక్కు కారడం మొదలు. ఆ రాత్రికే ఒళ్లు కాలిపోయే జ్వరం. తగ్గిందిలే అని మళ్లీ బడికి పంపితే పది రోజులకు దగ్గు. వినాయక చవితికి మూడోసారి, దసరాకు నాలుగోసారి. ‘బడికి పోయేది తక్కువ, ఆసుపత్రికి పోయేది ఎక్కువ’ అని తండ్రి విసుగు. ‘పిల్లోనికి బలం లేదు, టానిక్కు రాయించు’ అని అవ్వ సలహా. తల్లికి మాత్రం ఒకటే గుబులు... లోపల ఏదైనా పెద్ద జబ్బు ఉందేమోనని.

కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు... ఊరేదైనా వానాకాలం మొదలుకొని సంక్రాంతి దాకా పిల్లల డాక్టర్ల దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. దీనికి జవాబు రెండు ముక్కల్లో ఉంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు వచ్చే జ్వరాల్లో చాలావరకు ఎదుగుదలలో భాగమే. వాటికి భయపడాల్సిన పనిలేదు. కానీ కొద్దిమంది పిల్లల్లో అదే జ్వరం వెనక అసలు జబ్బు దాక్కుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే ప్రమాదం. మరి ఏది ఏదో తెలుసుకోవడమెలా? జ్వరం ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఒక జ్వరానికీ మరో జ్వరానికీ మధ్య రోజుల్లో పిల్లాడు ఎలా ఉన్నాడన్నది చూడాలి. అసలు గుట్టు అక్కడే తెలుస్తుంది.

ఎన్నిసార్లు వస్తే ఎక్కువ?

ఐదేళ్లలోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు, దగ్గు, జ్వరం రావడం మామూలే. కొత్తగా బడిలో చేరిన పిల్లలకైతే ఆ ఏడాది పది, పన్నెండుసార్లు కూడా రావొచ్చు. జలుబు చేసిన ప్రతిసారీ పూర్తిగా తేరుకోవడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. దగ్గయితే రెండు, మూడు వారాలు సాగుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి ఎనిమిదిసార్లు, ఒక్కోసారి పది రోజులు. అంటే 80 రోజులు. ఇవి ఏడాదంతా సమానంగా పంచుకుని రావు. ఎక్కువ భాగం జులై నుంచి జనవరి మధ్యలోనే వస్తాయి. అంటే ఆ ఏడు నెలల్లో దాదాపు ప్రతి మూడు రోజుల్లో ఒక రోజు పిల్లాడికి ముక్కు కారుతూనో, దగ్గుతూనో ఉండొచ్చన్నమాట. ‘మావాడికి ఎప్పుడూ జలుబే’ అని మీకు అనిపించడంలో తప్పులేదు. నిజంగానే ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది. అలాగని వాడికి రోగనిరోధక శక్తి లేదని అనుకోనక్కర్లేదు.

ఎందుకిలా? జలుబు తెచ్చిపెట్టే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. వాటిలో ఒక్క రైనోవైరస్‌లోనే వందకు పైగా రకాలు. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ ఏడాది లోపే తరిగిపోతుంది. ఆ తర్వాత ఒక్కో వైరస్‌ను ఒంటికి స్వయంగా పరిచయం చేసుకోవాల్సిందే. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇంటిల్లిపాది వైరస్‌లే తగులుతాయి. బడికెళ్తే ఇరవై ఇళ్ల వైరస్‌లు ఒకే గదిలో ఎదురవుతాయి. పలకలు మార్చుకుంటారు, ఒకే గ్లాసుతో నీళ్లు తాగుతారు, చీదిన చేత్తోనే ఆట బొమ్మ పట్టుకుంటారు. అందుకే మొదటి ఏడాది అంత కష్టంగా గడుస్తుంది.

మరి ఈ కష్టం వృథా పోతుందా? పోదు. మన సీమలాగే ఎండలు మండే అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టక్సన్ నగరంలో పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. చిన్న వయసులో ఎక్కువమంది పిల్లల మధ్య పెరిగినవారికి రెండేళ్ల వయసులో జలుబులు ఎక్కువగా వచ్చాయి. అదే పిల్లలకు ఆరేళ్లు దాటి పెద్ద బడికి వెళ్లాక మిగతావారికంటే తక్కువగా వచ్చాయి. 2002లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ముందు పడ్డవారు తర్వాత తేలిగ్గా బయటపడ్డారన్నమాట. మీ పిల్లాడు ఇప్పుడు పడుతున్నది అలాంటి పాటే.

సూది మహిమా, మూడో రోజు మహిమా?

మామూలు వైరస్ జ్వరం మూడు నుంచి ఐదు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. మన ఇళ్లలో జరిగేది చూడండి. మొదటి రోజు ఇంట్లో ఉన్న సిరప్ తాగిస్తారు. రెండో రోజు మందుల షాపులో అడిగి ఏదో తెస్తారు. తగ్గకపోయేసరికి మూడో రోజు ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తారు. నాలుగో రోజుకు జ్వరం పోతుంది. పేరు సూదికి వస్తుంది! కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందని నమ్మినట్టుంటుంది మన నమ్మకం. ఆ సూది వేయకపోయినా నాలుగో రోజుకు తగ్గేదే.

నమ్మకంతో ఆగితే నష్టం లేదు. కానీ ఆ సూదిలో ఏముందో చాలామంది అడగరు. కొన్నిసార్లు అది స్టెరాయిడ్ అయి ఉంటుంది. స్టెరాయిడ్ వేస్తే జ్వరం చప్పున దిగుతుంది, పిల్లాడు హుషారుగా కనిపిస్తాడు. లోపల జబ్బు మాత్రం అలాగే ఉంటుంది, పైగా దాని గుర్తులు కనిపించకుండా పోతాయి. అవసరం లేని యాంటీబయాటిక్ అయితే మరో ఇబ్బంది. యాంటీబయాటిక్ మందులు బ్యాక్టీరియాను చంపుతాయి. వైరస్‌ను ఏమీ చేయలేవు. విరేచనాలు పట్టుకోవడం, కడుపులోని మంచి సూక్ష్మజీవులు దెబ్బతినడం, రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు అదే మందు పనిచేయకపోవడం... ఇవీ చివరికి మిగిలేవి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యం వహించిన అమెరికా ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్ మందు ప్రపంచానికి అందింది. ఎన్నో ప్రాణాలు నిలిపిన అలాంటి మందుల్ని జలుబుకు వాడి మొద్దుబార్చుకోవడం మనకు తగదు.

ఇంకో చిక్కు ‘టైఫాయిడ్’. జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ పరీక్ష చేయించడం, పాజిటివ్ అని వారం రోజులు సూదులు వేయించడం మన ఊళ్లలో మామూలైపోయింది. అలా ఏడాదిలో మూడుసార్లు ‘టైఫాయిడ్ వచ్చింది’ అనిపించుకున్న పిల్లలూ ఉన్నారు. మొదటి వారంలో వైడాల్ నమ్మదగిన పరీక్ష కాదు. గతంలో ఎప్పుడో క్రిమి సోకినా, వేరే జ్వరం వచ్చినా అది పాజిటివ్ చూపించొచ్చు. టైఫాయిడ్ అని నిర్ధారించుకోవాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించడం మేలు. మీ పిల్లాడికి మళ్లీ మళ్లీ టైఫాయిడ్ వస్తోందని ఎవరైనా చెబితే, ఏ పరీక్షతో తేల్చారో ఒకసారి అడగండి.

మధ్య రోజులు ఏం చెబుతాయి?

జ్వరం తగ్గిన వారానికి మీ పిల్లాడిని గమనించండి. నాలుగు విషయాలు చూస్తే చాలు.

ఆట: జ్వరం దిగిన రెండు రోజులకే వీధిలోకి పరుగెత్తుతున్నాడా? లేక మూలన కూర్చుని, నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడుతున్నాడా?

తిండి: జ్వరంలో తినకపోవడం సహజం. తగ్గాక రెండింతలు ఆకలి వేయాలి. సంగటి ముద్ద ముందు పెడితే ముఖం తిప్పుకోవడం వారాల తరబడి సాగితే ఆలోచించాలి.

బరువు: ఇది అన్నింటికంటే పెద్ద సాక్షి. రెండు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి సుమారు రెండు కిలోల బరువు, ఆరేడు సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతారు. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూచి చార్టులో గుర్తు పెడతారు. ఆ గీత పైకి పోతుంటే ఎనిమిది జ్వరాలు వచ్చినా ధైర్యంగా ఉండొచ్చు. మూడు నెలలుగా గీత అడ్డంగానే ఉన్నా, కిందికి దిగినా రెండు జ్వరాలే వచ్చినా సరే డాక్టర్‌కు చూపించాలి. జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకంటే తక్కువుంటే పోషకాహార లోపం ఉన్నట్టు. 11.5 కంటే తక్కువుంటే అది తీవ్రమైనట్టు. అలాంటి పిల్లలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పోషకాహార పునరావాస కేంద్రాల్లో చికిత్స చేస్తారు.

రంగు: కింది కనురెప్పను లాగి చూడండి, అరచేతులు చూడండి. పాలిపోయి ఉంటే రక్తహీనత కావొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో ఇనుము తగ్గితే రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. మట్టి, బలపాలు, సుద్ద తినే అలవాటు కూడా దీనికి ఒక గుర్తే.

నీళ్లు తక్కువున్న చోట డెంగీ ఎలా?

‘మా ఊళ్లో తాగడానికే నీళ్లు లేవు, దోమలెక్కడివి?’ అని సీమలో చాలామంది అంటుంటారు. మురుగు దోమ సంగతి వేరు. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమకు మంచినీళ్లే ఇష్టం. కుళాయి రోజు విడిచి రోజో, వారానికోసారో వచ్చే చోట ప్రతి ఇంట్లోనూ తొట్టి, డ్రమ్ము, సిమెంటు కుండీ, బిందెలు నింపి పెట్టుకుంటారు. దోమ గుడ్లు పెట్టేది వాటిలోనే. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందుకే కేసీ కాలువ పారే ఊళ్లలోనే కాదు, ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లలోనూ డెంగీ వస్తుంది.

వారానికి ఒక రోజు, శుక్రవారం అనుకుంటే శుక్రవారం, తొట్లన్నీ ఖాళీ చేయండి. ఉత్తగా నీళ్లు పారబోస్తే సరిపోదు. ఈ దోమ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. పీచుతో గోడలు గట్టిగా రుద్ది కడగాలి. పారబోయడానికి మనసొప్పని పెద్ద తొట్టికి గుడ్డ కట్టి మూత వేయాలి. ఈ దోమ పగలే కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలకూ దోమతెర కట్టాలి.

డెంగీలో తల్లిదండ్రులు మోసపోయేది ఒకచోట ఉంది. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం దిగిపోతుంది. అమ్మయ్య అనుకుంటాం. నిజానికి ప్రమాదకరమైన గడియలు అప్పుడే మొదలవుతాయి. తర్వాతి ఒకటి, రెండు రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే క్షణం ఆగకూడదు. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చూసుకుంటూ కూర్చున్నా, బొప్పాయి ఆకు రసం మీద భారం వేసినా విలువైన సమయం పోతుంది.

సీమలో గుర్తుంచుకోవాల్సిన మరో జ్వరం స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో, పొలం గట్ల మీద ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుడితే వస్తుంది. వానలు పడ్డాక, చలికాలంలో ఎక్కువ. ఐదారు రోజులైనా జ్వరం దిగకపోతే పిల్లాడి బట్టలు విప్పి చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక, నడుం చుట్టూ వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన మచ్చ కనిపించొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి పిల్లాడు చెప్పడు. అందరిలోనూ ఈ మచ్చ కనిపించకపోవచ్చు కూడా. డాక్టర్ సకాలంలో గుర్తుపడితే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి చవకైన మందులతోనే తగ్గిపోతుంది. గుర్తుపట్టకపోతే ఊపిరితిత్తుల మీద, మెదడు మీద ప్రభావం చూపి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంట్లో ఏం చేయాలి?

ముందు ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి. మే నెల కర్నూలు ఎండలో ఎవరి ఒళ్లు ముట్టుకున్నా వేడిగానే ఉంటుంది. చెయ్యి చెప్పేది నమ్మకండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితేనే జ్వరంగా లెక్క.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి వేయాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 12 కిలోల పిల్లాడికి ఒకసారికి 120 నుంచి 180 మిల్లీగ్రాములు. ఇక్కడే చాలామంది పొరబడతారు. సిరప్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 మిల్లీగ్రాములు ఉండేది మరొకటి. మొదటిదైతే ఆ పిల్లాడికి 5 నుంచి 7 మిల్లీలీటర్లు పోయాలి. రెండోదైతే అందులో సగమే. సీసా మీద ఎంత రాసి ఉందో ప్రతిసారీ చదవండి. అన్నం చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన మూతతోనో, సిరంజితోనో కొలవండి. ఆరు గంటలకోసారి ఇస్తే చాలు. ఇరవై నాలుగు గంటల్లో నాలుగుసార్లు మించొద్దు.

నిమెసులైడ్ మందును 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశం 2011లోనే నిషేధించింది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ ఇవ్వకూడదు. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది.

దగ్గు మందు విషయంలో మరీ జాగ్రత్త. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో కల్తీ దగ్గు మందు తాగి 20 మందికి పైగా చిన్నారులు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదని మరోసారి చెప్పింది. ఏడాది దాటిన పిల్లలకు పడుకోబోయే ముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు వేయొచ్చు.

‘లంఖణం పరమౌషధం’ అన్న మాట పసిపిల్లలకు వర్తించదు. పస్తులుంచితే నీరసించి తేరుకోవడం ఆలస్యమవుతుంది. పలచటి రాగి జావ, పెసరపప్పు కట్టు, మజ్జిగన్నం, ఇడ్లీ... ఏది తింటే అది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. జ్వరం తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా తినిపించండి. గుడ్డు, పప్పు, నెయ్యి వేసిన సంగటి, బుడ్డలూ బెల్లమూ కలిపి దంచిన ఉండలు డబ్బా పొడులకు ఏమాత్రం తీసిపోవు.

విరేచనాలుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో కలపండి. గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. ప్యాకెట్ మీద ‘ఓఆర్‌ఎస్’ అని పేరుండి జ్యూస్‌లా అమ్మే తీపి పానీయాలు దీనికి పనికిరావు. జింక్ బిళ్లలు 14 రోజులు వాడాలి. విరేచనాలు ఆగాయని మధ్యలో మానేయొద్దు.

దుప్పట్లు కప్పి, కిటికీలు మూయొద్దు. పలచటి నూలు బట్టలు వేసి గాలి ఆడనివ్వండి. చన్నీళ్లతో, ఐసుతో తుడవొద్దు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

జ్వరంతో ఫిట్స్ వస్తే? ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో వందకు ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఇలా జరుగుతుంది. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది గానీ, చాలావరకు రెండు, మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. తర్వాత మెదడుకు హాని మిగలదు. పిల్లాడిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఉపయోగం లేదు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఆగిపోయినా సరే, మొదటిసారైతే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

దిష్టి తీయడం, దర్గాలో తాయెత్తు కట్టించడం మీ మనసుకు ధైర్యమిస్తే కాదనేవారు లేరు. కానీ ఒంటి మీద వాతలు పెట్టించడం మాత్రం వద్దు. తాయెత్తు కట్టించడానికి పోయే దారిలోనే ఆసుపత్రి ఉంటే, ముందు ఆసుపత్రి మెట్లెక్కండి.

వీటిలో ఒక్కటి కనిపించినా... వెంటనే!

* ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు ఎగరేయడం. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలు ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషానికి 40 సార్లు, అంతకంటే ఎక్కువ ఊపిరి తీయడం.
* లేపినా సరిగా లేవకపోవడం, మత్తు, తల్లిని గుర్తుపట్టకపోవడం.
* నీళ్లు కూడా తాగలేకపోవడం, తాగినదంతా వాంతి కావడం.
* ఆరు గంటలు దాటినా మూత్రం పోయకపోవడం, కళ్లు గుంటలు పడటం.
* నొక్కినా పోని ఎర్రటి, ఊదారంగు మచ్చలు ఒంటి మీద కనిపించడం.
* మెడ బిగుసుకుపోవడం, విపరీతమైన తలనొప్పి.
* చేతులు, కాళ్లు చల్లబడటం.
* మూడు నెలల్లోపు పసికందుకు ఎంత కొద్ది జ్వరమైనా.

ఇలాంటప్పుడు ఊళ్లో సూది వేయించి చూద్దామని ఒక రాత్రి ఆగడం ప్రమాదం. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో, కడప రిమ్స్‌లో పిల్లల విభాగాలున్నాయి. 108 అంబులెన్స్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. ఏ ప్రమాద గుర్తూ లేకపోయినా జ్వరం మూడు రోజులు దాటితే డాక్టర్‌కు చూపించాలి.

ఎవరికి లోతైన పరీక్షలు అవసరం?

జ్వరం వచ్చినప్పుడు జలుబు, దగ్గు లేకుండా ఒంటరిగా జ్వరమే వస్తుంటే, అదీ పదేపదే వస్తుంటే మూత్రపరీక్ష చేయించాలి. ఆడపిల్లల్లో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఇలాగే దాక్కుంటుంది. వదిలేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

రాత్రిళ్లు, తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు, జలుబు చేసిన ప్రతిసారీ ఆయాసం... ఇవి ఉబ్బసం గుర్తులు కావొచ్చు. బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల వైపు నాపరాయి దుమ్ము, పొయ్యి పొగ, ఇంట్లో పెద్దల బీడీ పొగ ఇలాంటి పిల్లల్లో దగ్గును రేపుతాయి. వీరికి కావాల్సింది యాంటీబయాటిక్ కాదు, ఇన్‌హేలర్. ‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అన్న భయం వద్దు.

రెండు వారాలు దాటిన జ్వరం లేదా దగ్గు, బరువు తగ్గడం, మెడ మీద గడ్డలు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. ఇంట్లో తాతకో, చిన్నాన్నకో క్షయ ఉంటే, పిల్లాడికి ఏ లక్షణం లేకపోయినా డాక్టర్‌కు చూపించండి. జబ్బు లేదని తేలాక ఐదేళ్లలోపు పిల్లలకు అది రాకుండా ప్రభుత్వం ఉచితంగా మందులిస్తుంది.

ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగు అంతకంటే ఎక్కువసార్లు చెవిలో చీము, మళ్లీ మళ్లీ లోతైన చీముగడ్డలు, ఏడాది దాటినా నోట్లో తెల్లపూత పోకపోవడం, సూదుల ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తేగానీ ఏ జబ్బూ తగ్గకపోవడం... ఇవి పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాల గుర్తులు. ఇవి అరుదు. కానీ మేనరిక పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో మరచిపోకూడనివి. మేనరికం ఉన్నా, ఆ ఇంట్లో అంతకుముందు పసిపిల్లలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినా ఆ విషయం డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఎవరినో తప్పుపట్టడానికి కాదు, జబ్బును తొందరగా పట్టుకోవడానికి.

పాలిపోవడం, ఎముకల నొప్పులు, ఒంటి మీద కమిలిన మచ్చలు, వారాల తరబడి జ్వరం కలిసి కనిపిస్తే రక్తపరీక్ష వాయిదా వేయొద్దు.

రాకుండా చూసుకోలేమా?

అన్నీ ఆపలేం. కానీ ప్రాణం తీసేవాటిని చాలావరకు ఆపొచ్చు. రోటావైరస్ విరేచనాల టీకాను 2016లో దేశంలో మొట్టమొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా 2021 నుంచి మన ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఒకటిన్నర ఏడు దాటాక వేసే బూస్టర్లు, ఐదేళ్లకు వేసే డీపీటీ... వీటినే చాలామంది మరచిపోతారు. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి విటమిన్-ఎ, ఏడాది దాటాక ఏటా రెండుసార్లు నులిపురుగుల మాత్ర, వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్... ఇవన్నీ ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీల దగ్గర ఉచితమే.

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి మిరప, పత్తి కోతలకు పిల్లల్ని వెంటబెట్టుకుని సుగ్గికి పోయే కుటుంబాలకు ఒక మాట. బట్టల మూటలో టీకాల కార్డు కూడా పెట్టుకోండి. మీరు దిగిన ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనూ తర్వాతి టీకా వేస్తారు, ‘మా ఊరికి పోయాక వేయించుకుంటాం’ అని ఆగొద్దు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దోమతెర కూడా మరవొద్దు.

బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. అన్నం ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక మరోసారి. నీళ్ల సీసా ఎవరిది వారికే ఇవ్వండి. జ్వరం ఉన్న రోజు బడికి పంపొద్దు. మందు లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతే మర్నాడు పంపొచ్చు. ఉత్త ముక్కు కారుతోందని మాన్పించనక్కర్లేదు.

చివరగా ఒక చిన్న పని. ప్రతి ఇంట్లోనూ గోడకు తేదీల క్యాలెండర్ ఉంటుంది. పాల లెక్క, గ్యాస్ సిలిండర్ తేదీ రాసుకున్నట్టే పిల్లాడికి జ్వరం మొదలైన రోజు, ఎంత వచ్చిందో, తగ్గిన రోజు, ఇచ్చిన మందు పేరు రాయండి. నెలకోసారి బరువు రాయండి. మూడు నెలలు గడిచాక ఆ కాగితాల్ని ఒకసారి తిరగేయండి. జ్వరాల మధ్య ఖాళీ గళ్లు ఉండి, బరువు పెరుగుతుంటే మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు. గళ్లు ఖాళీ లేకుండా నిండిపోతున్నా, బరువు ఆగిపోయినా ఆ కాగితాలే తీసుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ‘ఎప్పుడూ జ్వరమే డాక్టర్’ అన్న మాటకంటే ఆ కాగితం ఆయనకు ఎక్కువ చెబుతుంది.